ఏడు తిరస్కరణల తర్వాత: జీనోమ్ డేటా ఫెలోషిప్ దరఖాస్తుపై ఒక కేస్ స్టడీ

పరిశోధన కోర్సులకు, ఫెలోషిప్‌లకు దరఖాస్తు చేసే సైన్సు విద్యార్థులకు తిరుపతిలో సలహాలిస్తుంటాను. ఇక్కడ రాస్తున్నది ఒక్క అమ్మాయి సంగతి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, చదివిన విశ్వవిద్యాలయం, చేరిన సంస్థ చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఆమె దరఖాస్తులో లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అందులో దాదాపు మూడు నెలలు నేను వెతకకూడని చోట వెతికాను. ఇదే పనిలో ఉన్న ఇతరులకు ఆ మూడు నెలలైనా మిగలాలని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒక పల్లె. ఇంట్లో నాలుగు ఆవులు, కొద్దిపాటి మామిడి తోట. మామిడి ఒక ఏడు ఉంటుంది, ఒక ఏడు ఉండదు. రెండు పూటలా పాల కేంద్రంలో పోసే పాలే ఆ కుటుంబానికి నికరమైన ఆదాయం. అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. పైథాన్ సొంతంగా నేర్చుకుంది. చేతిలో ఉన్నది 4 జీబీ మెమరీ గల పాత ల్యాప్‌టాప్.

ఆమె ఎంచుకున్న రంగం జీనోమ్ డేటా సైన్స్. మనిషి జీనోమ్‌లో, అంటే డీఎన్‌ఏ రాతలో, ఏ, సి, జి, టి అనే నాలుగు రకాల అక్షరాలు సుమారు 300 కోట్లు ఉంటాయి. వాటిని మొదటిసారి చదవడానికి 1990 నుంచి 2003 వరకు పట్టింది. ఇప్పుడు చదవడం సులువైంది, చదివినదాన్ని అర్థం చేసుకోవడమే కష్టమైంది. జీవశాస్త్రం, గణాంకాలు, ప్రోగ్రామింగ్ మూడూ ఒకే మనిషిలో కావాలి. అందుకే ఈ రంగంలో ఫెలోషిప్‌లు పెరిగాయి, పోటీ అంతకంటే పెరిగింది.

వచ్చిన సమస్య

జూన్‌లో ఒక ఆదివారం బస్సు దిగి నేరుగా వచ్చింది. ముందటి ఏడాది ఏడు చోట్ల దరఖాస్తు చేసింది. ఏడింటిలోనూ తిరస్కరణే, ఒక్కచోట కూడా ఇంటర్వ్యూకు పిలవలేదు. ఏడు ఉత్తరాలనూ ముద్రించి ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చింది.

"నా ఇంగ్లీషు బాగాలేదు సార్. అందుకే తీసుకోలేదు," అంది.

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో ఆమెకు 9కి 7 వచ్చింది. ఆ అంకె చూసినప్పుడే ఆమె చెప్పిన కారణాన్ని నేను అనుమానించాల్సింది. అనుమానించలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ప్రతి ఓటమికీ ఇంగ్లీషునే కారణంగా చెబుతారు. వినేవాళ్లం కూడా అంతే సులువుగా తలూపుతాం. రోగి చెప్పిన జబ్బుకే మందు రాసిచ్చినట్టయింది నా పని.

ఆ రోజు చేసిన ఒక్క మంచి పని ఏడు ప్రకటనలనూ మళ్లీ అక్షరం అక్షరం చదవడం. వాటిలో రెండు ఆమె అసలు పెట్టకూడనివి. అమెరికాలోని రెండు విశ్వవిద్యాలయాల ఫెలోషిప్‌లవి. వాటికి డబ్బు వచ్చేది అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే టీ32 అనే శిక్షణ గ్రాంటు నుంచి. టీ32 కింద ఆ దేశ పౌరులను, శాశ్వత నివాస హక్కు ఉన్నవారిని మాత్రమే తీసుకోవాలి. ఆ షరతు పేజీ అడుగున ఒక్క వాక్యంలో ఉంది. ఆమె ఎంత బాగా రాసినా అక్కడ ప్రయోజనం ఉండేది కాదు. రెండు దరఖాస్తు రుసుములు, నెల రోజుల శ్రమ వృథా అయ్యాయి.

మన విద్యార్థుల్లో చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. అమెరికాలో పీహెచ్‌డీ సీటుకు దరఖాస్తు చేయడం వేరు, అందులోని ఒక నిధికి దరఖాస్తు చేయడం వేరు. సీటు వస్తే విదేశీ విద్యార్థికి సాధారణంగా విశ్వవిద్యాలయం సొంత నిధి నుంచో, బోధన సహాయకురాలిగానో, గైడు ప్రాజెక్టు నుంచో భృతి వస్తుంది. టీ32 నుంచి రాదు. కాబట్టి చూడాల్సింది ఫెలోషిప్ పేరు కాదు, దాని వెనుక డబ్బు ఎవరిదన్నది. అనుమానం ఉంటే సమన్వయకర్తకు రెండు వాక్యాల మెయిల్ రాస్తే సరిపోతుంది. ఆమెకు ఆ మాట చెబితే, "అంత పెద్దవాళ్లకు మెయిల్ రాస్తే తప్పుగా అనుకోరా సార్?" అని అడిగింది. ఆ రోజే నా ముందు కూర్చోబెట్టి రాయించాను: తాను భారతీయ పౌరురాలినని, ఈ నిధికి అర్హురాలినా కాదా అని. మర్నాటికి జవాబు వచ్చింది. అర్హురాలు కాదన్న ఆ జవాబు రెండో ఏడాది ఒక రుసుమును ఆదా చేసింది.

పనికిరాని రెండు ప్రయత్నాలు

మిగిలిన ఐదు తిరస్కరణలకు కారణం ఇంగ్లీషే అనుకుని, ఆమె స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను, అంటే ఎందుకు చేరాలనుకుంటోందో చెప్పే వ్యాసాన్ని, వాక్యం వాక్యం సరిచేశాను. మూడు వారాల తర్వాత అది మెరిసింది. జీనోమ్ పరిశోధన చేస్తున్న ఒక మిత్రురాలిని నమూనా ఇంటర్వ్యూ చేయమని అడిగాను. ఆమె రెండో పేరాలోని ఒక వాక్యం చదివి, "ఇక్కడ సమగ్ర బహుళస్థాయి విశ్లేషణ అన్నారు. మీ ఉద్దేశంలో అది ఏమిటి? ఏ స్థాయిలు?" అని అడిగింది. అమ్మాయి మౌనంగా నా వైపు చూసింది. ఆ వాక్యం నాది. అమ్మాయి పేరున ఉన్న ఆ కాగితంలో ఆమె సొంత మాటలు ఎన్ని మిగిలాయో అప్పుడు లెక్కపెట్టాను. మూడు వంతుల్లో ఒక వంతు కూడా లేవు.

రెండో ప్రయత్నం సర్టిఫికెట్లు. ఎమ్మెస్సీలో ప్రోగ్రామింగ్ తక్కువ కాబట్టి ఆన్‌లైన్ కోర్సులు ఆ లోటు పూడుస్తాయని నేనే చెప్పాను. దాదాపు రెండు నెలల్లో మూడు కోర్సులు పూర్తి చేసింది, మూడింటిలోనూ మంచి మార్కులే. నేర్చుకోవడానికి అవి మంచివి, ఇప్పటికీ చేయమనే చెబుతాను. కానీ ఎంపిక చేసేవారికి అవి చెప్పేది తక్కువ. కోర్సులో ఇచ్చే ఫైలు ఎప్పుడూ తెరుచుకుంటుంది. శుభ్రం చేసిన డేటాలో ముందే తెలిసిన చోట ముందే పెట్టిన తప్పు ఉంటుంది. అసలు పనిలో సగం రోజు ఫైలు ఎందుకు తెరుచుకోవడం లేదో తెలుసుకోవడానికే పోతుంది. ఆ సగం రోజు ఈ విద్యార్థి ఏం చేస్తుందన్నదే వాళ్లకు కావాలి. మూడు సర్టిఫికెట్లు చూసి నా మిత్రురాలు ఒకే మాట అడిగింది: "ఇవన్నీ వేలమంది చేస్తారు. వీటిలో ఈమె ఎక్కడ?"

నా ఆలోచన మారింది అక్కడే.

పనిచేసిన ప్రయత్నం: ఒకే ఒక్క అక్షరం

అమ్మాయిని ఒకటే అడిగాను. ఏ పుస్తకమూ అడగని, నీకు నువ్వుగా తెలుసుకోవాలనుకున్న ప్రశ్న ఏదైనా ఉందా? ఆ రోజు జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత రాత్రి ఫోను చేసింది. "మా అవ్వ పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది సార్. మజ్జిగ తాగితే ఏమీ కాదు. ఇంట్లో నాలుగు ఆవులున్నా ఆమె పాలు ముట్టదు. నాన్న మాత్రం చెంబుడు పాలు తాగినా ఏమీ కాదు. ఇది జీనోమ్‌లో కనిపిస్తుందా?"

కనిపిస్తుంది, కొంతవరకు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చాలామందిలో బాల్యం దాటాక తగ్గిపోతుంది, కొందరిలో పెద్దయ్యాక కూడా కొనసాగుతుంది. మజ్జిగలో లాక్టోజ్ కొంత పులిసి తగ్గిపోయి ఉంటుంది. ఎంజైమ్ కొనసాగడానికి యూరప్‌లోనూ, మన దేశంలోనూ ముఖ్యమైన కారణంగా తెలిసింది రెండో క్రోమోజోమ్ మీద ఒక అక్షరం మార్పు. లాక్టేజ్ జన్యువుకు 13,910 అక్షరాల ముందు, పక్కనున్న ఎంసీఎం6 జన్యువు లోపల ఉంటుంది. 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు దీన్ని గుర్తించారు. మన దేశంలో వాయవ్యాన ఎక్కువగా, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువగా ఉంటుందని ఆ తర్వాతి అధ్యయనాలు చూపాయి.

"జవాబు తెలిసిపోయిందే సార్, మళ్లీ ఎందుకు?" అంది. జవాబు తెలిసింది కాబట్టే దాన్ని పట్టుకోమన్నాను. కొత్త ప్రశ్నకు మనకు ఏదో ఒక అంకె వస్తే అది నిజమా, మన పొరపాటా చెప్పేవారు ఉండరు. తెలిసిన జవాబు దగ్గరికి మన దారిన మనం చేరగలిగితే ఆ దారి మీద నమ్మకం కుదురుతుంది. చేరలేకపోతే ఎక్కడ తప్పామో వెతకవచ్చు. మూడు వారాలు, పాత ల్యాప్‌టాప్, గైడు లేకపోవడం: ఈ మూడు హద్దుల్లో ఇమిడేది అంత చిన్న ప్రశ్నే.

డేటాకు 1000 జీనోమ్స్ ప్రాజెక్టును ఎంచుకున్నాం. అది అందరికీ ఉచితం. 2015లో వచ్చిన చివరి దశలో 26 జనసమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు. దక్షిణాసియా సమూహాలు ఐదు: లాహోర్ పంజాబీలు, హ్యూస్టన్ గుజరాతీలు, బంగ్లాదేశ్ బెంగాలీలు, బ్రిటన్‌లోని శ్రీలంక తమిళులు, బ్రిటన్‌లోని భారతీయ తెలుగువారు. ఆ చివరి పేరు చూసి ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ప్రపంచమంతా వాడే డేటాలో 102 మంది తెలుగువారు ఉన్నారని ఎమ్మెస్సీ పూర్తయ్యేదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మొదటి అడ్డంకి ఫైలు పరిమాణం. రెండో క్రోమోజోమ్ ఫైలు కుదించిన రూపంలోనే ఒక జీబీ దాటుతుంది. హాస్టల్ నెట్ మీద రెండు రాత్రులు దించుకోవడానికి ప్రయత్నించింది, రెండుసార్లూ మధ్యలో తెగిపోయింది. మూడో రోజు ట్యాబిక్స్ అనే పనిముట్టు గురించి చదివింది. పుస్తకం చివరి విషయసూచిక చూసి కావాల్సిన పేజీకి వెళ్లినట్టు, అది సూచిక ఫైలు సాయంతో దూరంగా ఉన్న సర్వర్ నుంచి మనకు కావాల్సిన ముక్కను మాత్రమే తెస్తుంది. కొన్ని సెకన్లలో పని అయింది. ఇది ఆమె సొంతంగా కనుక్కున్నది.

రెండో అడ్డంకి నాకు ఈ కేసులో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ముక్క వచ్చింది, కానీ అందులో ఆమె వెతికే మార్పు లేదు. ఆ మార్పు చిరునామా రెండో క్రోమోజోమ్‌లో 135851076 అని డేటాబేస్‌లో చూసి రాసుకుంది. ఆ అంకె దగ్గర ఆ మార్పు లేదు. ఒకటిన్నర రోజు ప్రోగ్రామును తిరగేసింది. తప్పు ప్రోగ్రాములో లేదు. ఆ చిరునామా జీఆర్‌సీహెచ్ 38 అనే కొత్త ప్రామాణిక జీనోమ్‌ది. ఆమె తెరిచిన ఫైలు పాతదైన 37 మీద తయారైంది, అందులో అదే మార్పు 136608646 దగ్గర ఉంటుంది. రెండింటి మధ్య దూరం ఏడున్నర లక్షల అక్షరాలు. పాత డోరు నంబర్లే ఉన్న వీధిలో కొత్త నంబరుతో ఇల్లు వెతికినట్టు.

చిరునామా సరిచేశాక మూడో చిక్కు. వ్యాసాలన్నీ ఆ మార్పును సి నుంచి టి అంటాయి. ఫైలులో జి, ఏ కనిపిస్తున్నాయి. తప్పు చోటికి వచ్చానేమోనని మళ్లీ మొదటికి వెళ్లింది. లాక్టేజ్ జన్యువు డీఎన్‌ఏ రెండు పోగుల్లో ప్రామాణిక ఫైళ్లు చదివే పోగుకు ఎదురు పోగు మీద ఉంది. ఒక పోగున సి ఉన్నచోట ఎదుటి పోగున జి, టి ఉన్నచోట ఏ. వ్యాసాలు జన్యువు వైపు నుంచి చెబుతున్నాయి, ఫైలు ఇటు నుంచి చెబుతోంది. రెండూ ఒకటే. ఈ సంగతి డిగ్రీ మొదటి ఏడాదిలో చదివిందే. అయితే చదివినది ఫైలులో ఎదురైతే గుర్తుపట్టడం మరో విద్య.

చివరికి లెక్క వచ్చింది. లాహోర్ పంజాబీల్లో ఎక్కువ, తెలుగు, తమిళ నమూనాల్లో తక్కువ. పాత అధ్యయనాలు చెప్పిందే.

రాయడం దగ్గర మా వాదన

మొదటి ముసాయిదాలో ఆమె ఫలితం మాత్రమే రాసింది. చిరునామా పొరపాటు, పోగు పొరపాటు తీసేసింది. "అవి చూస్తే ఏమీ రాదనుకుంటారు సార్." నేను ఒప్పుకోలేదు. ఫలితం ఎవరైనా ఒక వ్యాసం చూసి రాయగలరు. 135851076 దగ్గర ఏమీ దొరకక ఒకటిన్నర రోజు కూర్చుని, ఏ అనుమానాన్ని ముందు పరీక్షించిందో, దేన్ని ఎందుకు పక్కన పెట్టిందో అది చేసినవాళ్లే రాయగలరు. చివరికి ఆ రెండు పొరపాట్లకు ఆరు వాక్యాలు ఇచ్చింది. ఇంగ్లీషు ఆమెదే. నేను క్రియల కాలాల్లో తప్పులు రెండు దిద్ది ఊరుకున్నాను.

నేను పట్టుబట్టి తీయించిన వాక్యం ఒకటుంది: "మా అవ్వలో ఈ మార్పు లేదు." అవ్వకు పరీక్ష చేయలేదు. కడుపు ఉబ్బరానికి వేరే కారణాలు ఉండవచ్చు. ఆ మార్పు లేనివారిలో కూడా కొందరు పాలు ఇబ్బంది లేకుండా తాగుతారు. డేటా చెప్పనిది చెప్పకూడదు. అవ్వ మాట ప్రశ్న ఎలా పుట్టిందో చెప్పే ఒక్క వాక్యంగా ఉండిపోయింది. "మా పేదరికం గురించి రాయాలా?" అని అడిగింది. నాలుగు ఆవులు ఈ ప్రశ్నకు దారితీశాయి కాబట్టి ఉండాలి, సానుభూతి కోసమైతే అక్కర్లేదు అన్నాను.

పరిమితుల పేరా మీద వారం పట్టింది. మనిషికి రెండో క్రోమోజోమ్ రెండు ప్రతులు ఉంటాయి కాబట్టి 102 మంది అంటే 204 ప్రతులు. ఆ మార్పు ఉదాహరణకు నూటికి ఐదు ఉందని లెక్క తేలితే, అంత చిన్న నమూనాలో అసలు విలువ రెండు నుంచి ఎనిమిది దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పైగా వీరు బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే ఇన్ని కులాలున్న సమాజానికి, చిత్తూరులో పశువులు కాసే కుటుంబాలకు, వీరు ఎంతవరకు ప్రతినిధులు? ఈ ప్రశ్నను జవాబు లేకుండానే వదిలింది. మన దేశంలో పదివేల మంది జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా డేటా 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఆమె దరఖాస్తు చేసేనాటికి అది లేదు. అలాంటి డేటా వస్తే మొదట ఏం అడుగుతానో మూడు వాక్యాల్లో రాసింది. ఆ పేరానే ఆమె పరిశోధన ప్రణాళికకు మొదలైంది.

సిఫార్సు లేఖలు

ముందటి ఏడాది మూడు లేఖలూ పెద్ద హోదాల్లో ఉన్నవారివే. ముగ్గురూ "రాసుకుని తీసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. మూడూ ఆమే రాసింది. "అంకితభావం గల విద్యార్థిని" అనే మాట మూడింటిలోనూ అదే చోట ఉంది. ఎంపిక బృందం మూడూ పక్కపక్కన పెట్టి చదువుతుందని ఆమెకు తోచలేదు. దీనికి ఆమెను తప్పుపట్టను. ఇక్కడ అది మామూలు పద్ధతిగా నడుస్తోంది. కానీ ఆ పద్ధతి మన పిల్లలకు ఎంత నష్టం చేస్తోందో చూస్తుంటే బాధ కలుగుతుంది.

ఈసారి హోదాను పక్కన పెట్టి సాక్షులను వెతికాం. ల్యాబ్‌లో ఆమె పని కళ్లారా చూసిన అతిథి అధ్యాపకురాలు ఒకరు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు గైడు ఒకరు. మూడోవారు విభాగాధిపతి. ఆయన్ను తప్పిస్తే నొచ్చుకుంటారన్న భయం ఆమెది, అది నిజమైన భయమే. ముగ్గురికీ ఒక పేజీ చొప్పున రాసిచ్చింది. అందులో పొగడ్తలు లేవు, ఎప్పుడు ఏ పని చేసింది, ఏ తప్పు ఎలా దిద్దుకుంది అన్నవే ఉన్నాయి. లేఖ మాత్రం మీ మాటల్లోనే రాయండని వేడుకుంది. ఇద్దరు రాశారు. విభాగాధిపతి మళ్లీ రాసుకుని రమ్మన్నారు. రెండోసారి వెళ్లి ఆ పేజీ చూపించి, "ఐదు వాక్యాలు చాలు సార్" అని అడిగితే ఆయన అక్కడే కూర్చుని రాశారు.

అమెరికా దరఖాస్తుల్లో, లేఖను తర్వాత చూసే హక్కును వదులుకుంటారా అని ఒక గడి ఉంటుంది. ముందటి ఏడాది ఆమె వదులుకోనని గుర్తు పెట్టింది, హక్కు ఎందుకు వదులుకోవాలని. ఆలోచన సహజమే. కానీ విద్యార్థి చూడదని తెలిసిన లేఖకే చదివేవారు విలువ ఇస్తారు.

ఫలితం

రెండోసారి ఐదే దరఖాస్తులు: అమెరికాలో రెండు, యూరప్‌లో మూడు. యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్‌లకు (యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే పీహెచ్‌డీ కార్యక్రమాలకు) ఏ దేశ పౌరులైనా అర్హులే. చేరబోయే దేశంలో గత మూడేళ్లలో ఏడాదికి మించి ఉండకూడదన్న షరతు ఉంటుంది. దేశం దాటి ఎక్కడా ఉండని ఆమెకు అది వరమైంది. సమాంతరంగా మన దేశంలోని సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు చదవమన్నాను. దాని ద్వారా వచ్చే పరిశోధన భృతి జేఆర్‌ఎఫ్‌కు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. అది వస్తే హైదరాబాద్‌లోనే మంచి ల్యాబ్‌లున్నాయి.

రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఒకదానిలో అడిగిన మొదటి ప్రశ్న ఆమె నన్ను అడిగినదే: తెలిసిన ఫలితాన్ని మళ్లీ ఎందుకు చేశారు? తన దారి సరైనదో కాదో తెలుసుకోవడానికి అంది. తర్వాత ఇరవై నిమిషాలు 37, 38 చిరునామాల మీదే మాట్లాడారట. అక్కడే సీటు వచ్చింది. రెండోది రాలేదు, అమెరికావి రెండూ రాలేదు.

వాళ్ల నాన్న సంతకాలకు తిరుపతి వచ్చినప్పుడు, "ఇది చదువా సార్, ఉద్యోగమా?" అని అడిగారు. ఒప్పంద పత్రం చూపించి, జీతం ఇచ్చి చదివించే ఉద్యోగమని చెప్పాను. నెలవారీ జీతం రాసి ఉన్న గీత మీద వేలు పెట్టి, ఇది తిరిగి కట్టాలా అని రెండుసార్లు అడిగారు. కట్టక్కర్లేదని రెండుసార్లూ చెప్పాను.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా వస్తే స్టేట్‌మెంట్ ముందు చూడను. ముందు నిధి ఎవరిదో, అర్హత ఏమిటో చూస్తాను. తర్వాత వాళ్లు చివరిసారి చిక్కుకుపోయిన చోటు గురించి చెప్పమంటాను. చెప్పలేకపోతే దరఖాస్తుకు ఇంకా సమయం కాలేదని అర్థం. భాష దిద్దడం చివరి వారంలోనే. నా మాట ఒక్కటి కూడా వాళ్ల కాగితంలోకి వెళ్లకుండా చూసుకుంటాను. ఇది అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆ అమ్మాయి సంగతి తెలిసి మరో ఇద్దరు లాక్టేజ్ ప్రాజెక్టే చేస్తామని వచ్చారు. వద్దన్నాను. చిరునామా ఎక్కడ మారుతుందో, పోగు ఎటు తిరుగుతుందో ముందే తెలిశాక వాళ్లకు తడబడే అవకాశం ఉండదు. ఒకరు మళ్లీ రాలేదు. రెండో అబ్బాయిది పుంగనూరు వైపు. అక్కడి ఆవులు అంత పొట్టిగా ఎందుకుంటాయో తెలుసుకోవాలని ఉందన్నాడు. ప్రశ్న అతనిదే, కానీ మూడు వారాలకు చాలా పెద్దది. అందులోంచి చేయగలిగినంత చిన్న ముక్క ఏదో ఇద్దరం వెతుకుతున్నాం. వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.